సెల్ఫ్ తిరగడం లేదా? బ్యాటరీ కొనేముందు క్లచ్ పెడల్ దగ్గరకు వంగి చూడండి

తాళం తిప్పితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. పక్కనున్నాయన ‘బ్యాటరీ పోయింది’ అని తేల్చేస్తాడు. కొత్త బ్యాటరీ వస్తుంది, పాతది పోతుంది, బండి మాత్రం అలాగే ఉంటుంది. మాన్యువల్ గేర్ కార్ల విషయంలో ఇది ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అందుకే ఎవరడిగినా నా మొదటి ప్రశ్న ఒకటే: మ్యాట్ పక్కకు లాగి, పెడల్ అడుగంటా తొక్కి తాళం తిప్పారా? తొక్కామనే అంటారు. మ్యాట్ మాత్రం కదిలించి ఉండరు.

ఇప్పటి కార్లలో చాలావాటికి క్లచ్ పూర్తిగా దిగితే తప్ప సెల్ఫ్‌కి కరెంటు వెళ్లదు. ముందుకు జరిగి పెడల్ కింద ముడుచుకున్న మ్యాట్, ఒకదానిమీద ఒకటి వేసిన రెండు మ్యాట్లు, సీటు కిందినుంచి దొర్లొచ్చిన నీళ్ల సీసా, వీటిలో ఏదైనా చాలు ఆ చివరి వేలెడు దూరాన్ని ఆపడానికి. ముందు మీకంటే పొడుగు మనిషి నడిపి సీటు వెనక్కి జరిపి వదిలేసినా అంతే.

చప్పుడును బట్టి

టకటకా కొట్టుకుంటూ మీటర్ లైట్లు మసకబారితే బ్యాటరీ, లేదా టర్మినళ్లు. టర్మినల్ పట్టుకుని చేత్తో తిప్పండి. కదిలిందంటే దొంగ దొరికాడు. తెల్లటి పొడి పేరుకుంటే నెగటివ్ ముందు విప్పి, వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక బిగించండి, నెగటివ్ చివర. రాత్రంతా ఊరికే ఉన్న బ్యాటరీకి వోల్ట్‌మీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2కి దిగితే ఇంచుమించు సగం ఖాళీ. నిండా ఛార్జి ఉన్నదే సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి జారితే దాని కాలం తీరింది.

ఒక్క ‘ఠక్’తో ఆగిపోతే సెల్ఫ్ మోటారునో దానికి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్ సోలనాయిడ్‌నో అనుమానించాలి. కానీ మోటారు విప్పేలోపు ఇంజన్‌కి వెళ్లే ఎర్త్ వైరు చూడండి. ఆ వోల్ట్‌మీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది ఇంజన్ లోహానికి పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే తప్పు ఎర్త్‌దే.

సెల్ఫ్ గిర్రున తిరుగుతూ ఇంజన్ అందుకోకపోతే పెట్రోలో, డీజిలో, తాళంలోని చిప్పో. క్లచ్‌కి ఆ పాపం అంటదు.

ఇక మిగిలింది: లైట్లు ధగధగా వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, తాళం తిప్పితే మాత్రం చిన్న చప్పుడు కూడా లేదు. నన్ను ముప్పుతిప్పలు పెట్టింది ఇదే.

చిటికెడు ప్లాస్టిక్ బిరడా

పెడల్ పైభాగంలో, డాష్‌బోర్డు చీకట్లో ఒక చిన్న స్విచ్ ఉంటుంది. పెడల్ ఆఖరిదాకా దిగినప్పుడు పెడల్‌కున్న రేకు వచ్చి ఆ స్విచ్ పుల్లను నొక్కుతుంది. చాలా కార్లలో ఆ రేకుకు ఒక రంధ్రం, రంధ్రంలో ప్లాస్టిక్‌దో రబ్బరుదో ఒక బిరడా. పుల్లను నిజంగా నొక్కేది ఆ బిరడాయే. ఏళ్లు గడిచేకొద్దీ అది పెళుసెక్కి ముక్కలై రాలిపోతుంది. ఆ తర్వాత పుల్ల ఆ రంధ్రంలోకే దూరిపోతుంది. స్విచ్ బాగుంది, పెడల్ బాగుంది, వైరింగ్ బాగుంది. పెడల్ దిగిన కబురు మాత్రం స్విచ్‌కి చేరదు.

నా బండికే ఈ జబ్బు చేసినప్పుడు బ్యాటరీ మార్చాను, రిలేలు (కరెంటును కలిపే, ఆపే చిన్న పెట్టెలు) అటూ ఇటూ మార్చి చూశాను, చివరికి సెల్ఫ్ మోటారు దించి బయట తిప్పించాను. బొంగరంలా తిరిగింది. మ్యాట్ మీద నాలుగు ప్లాస్టిక్ ముక్కలు అంతకుముందే కనిపించాయి; పిల్లల బొమ్మదేదో విరిగిందనుకుని ఊడ్చి పారేశాను! రెండు రోజుల తర్వాత టార్చి వేసి చూస్తే అక్కడ ఖాళీ రంధ్రం నన్నే చూస్తోంది.

ఇంకో చిక్కుంది. బిరడా ఒక్కసారిగా పోదు. పగిలి సగం వేలాడుతున్నన్నాళ్లూ పొద్దున స్టార్ట్ అయిన బండి సాయంత్రం మొరాయిస్తుంది. నాలుగుసార్లు తొక్కితే మళ్లీ లేస్తుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లినప్పుడు బుద్ధిగా ఉంటుంది. ‘క్లచ్ తొక్కండి’ అని తెరమీద చూపించే బండైతే, మీరు తొక్కుతుండగానే ఆ మాట కనిపిస్తుంది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పరీక్ష సులువు. గేర్ న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, ఆ పుల్లను వేలితో నొక్కిపట్టి ఇంకొకరితో తాళం తిప్పించండి. సెల్ఫ్ తిరిగితే పని అయిపోయింది. అక్కడ రెండు స్విచ్‌లు ఉండొచ్చు. మీకు కావలసింది పెడల్ పూర్తిగా దిగినప్పుడు నొక్కుకునేది. కాలు తీసినప్పుడు నొక్కుకునేది వేరే పనికి.

అప్పటికప్పుడు ఇల్లు చేరాలంటే ఆ రంధ్రంలో తల బల్లపరుపుగా ఉన్న చిన్న బోల్టు దూర్చి, తల పుల్లవైపు ఉండేలా నట్టుతో కదలకుండా బిగించండి. తర్వాత అసలు బిరడా కొని వేయండి. స్విచ్ వైర్లు రెండూ కలిపేసి అలాగే తిరగడం మాత్రం వద్దు. గేర్‌లో వదిలిన సంగతి మరిచి తాళం తిప్పిన రోజు బండి ఎదురుగా ఉన్న గోడను ముద్దాడుతుంది. కొన్న చేత్తోనే బ్రేక్ పెడల్ బిరడా కూడా మార్చండి. అది రాలితే బ్రేక్ లైట్లు రాత్రంతా వెలిగి తెల్లారేసరికి బ్యాటరీని పీల్చేస్తాయి.

పుల్ల నొక్కినా చలనం లేకపోతే ఫ్యూజు, రిలే, ఆ స్విచ్ లోపలి కాంటాక్టులు, చివరగా తాళం వెనకున్న ఇగ్నిషన్ స్విచ్.

స్టార్ట్ అయింది, గేర్ పడట్లేదు

ఇంజన్ ఆపితే తేలిగ్గా పడే గేర్లు, నడుస్తుండగా గరగరలాడితే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. మళ్లీ మ్యాటే ముందు. నవ్వకండి, చూడండి. ఆపైన ఆయిల్: చాలా కార్లలో బ్రేక్ ఆయిల్ డబ్బాయే క్లచ్‌కీ దిక్కు. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. పెడల్ కడ్డీ ఇంజన్‌కీ కారు లోపలికీ మధ్యనున్న రేకు గోడలోకి దూరే చోట, గేర్‌బాక్సు పక్కన క్లచ్‌ను కదిలించే స్లేవ్ సిలిండర్ దగ్గర తడి ఉందేమో తడమండి. నాలుగుసార్లు గబగబా తొక్కితే గేర్ పడుతోందంటే గొట్టంలో గాలి చేరింది, లేదా పెడల్ దగ్గర ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ సీలు పోయింది. కేబుల్ ఉన్న బండైతే పోగులు తెగుతున్నాయేమో చూసి, వదులు సరిచేయండి.

ఇంజన్ అరుస్తున్నా బండి వేగం అందుకోకపోతే క్లచ్ ప్లేటు జారుతోంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, మూడో గేర్‌లో క్లచ్ మెల్లగా వదిలితే ఇంజన్ ఆగిపోవాలి. ఆగలేదంటే, కేబుల్ మరీ బిగుసుకుపోలేదని చూసుకున్నాక, ప్లేటు మార్చడమే. గేర్‌బాక్సు ఎలాగూ దించుతారు కాబట్టి ప్లేటు, దాన్ని అదిమిపట్టే కవరు, క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి మార్పించండి.

పెడల్ తొక్కినప్పుడే వచ్చే కీచుమనే చప్పుడు రిలీజ్ బేరింగ్‌ది. తొక్కితే ఆగిపోయేది గేర్‌బాక్సు లోపలి బేరింగ్‌ది. రిలీజ్ బేరింగ్‌ను నెట్టే ఫోర్కు విరగడం, పెడల్ బిగించిన ఆ రేకు గోడ చీలడం లాంటివీ ఉన్నాయి గానీ, పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.