కాలేజీ కబడ్డీలో కొత్త రూల్స్: పంచాయితీ కాకుండా ఆడించేదెట్లా

నల్లగొండ, పాలమూరు వైపు డిగ్రీ కాలేజీ గ్రౌండ్లో కబడ్డీ పోటీ పెడితే బరి చుట్టూ రెండు తరాలు కూర్చుంటాయి. ఒకరు చెడుగుడు ఆడి పెరిగినవాళ్ళు: కూత తెగితే ఔట్, పట్టు దొరికితే ఔట్, మిగతాదంతా వేషాలంటారు. రెండోవాళ్ళు 2014లో ప్రొ కబడ్డీ మొదలైనప్పటి నుంచి టీవీ చూసి నేర్చుకున్నవాళ్ళు. రిఫరీ కంటే ముందే వేళ్ళు ఎత్తి పాయింట్లు చూపిస్తారు. ఈ ఇద్దరి మధ్య కొత్త రూల్ పెట్టాలంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది: ఇవాళ ఏ రూల్ నడుస్తుందో ఆటకు ముందే అందరికీ తెలిసేలా చేయడం.

ఇది తేలిక పని అనుకోవద్దు. 2023 అక్టోబర్ 7న హాంగ్జౌ ఆసియా క్రీడల ఫైనల్లో భారత్, ఇరాన్ 28-28తో ఉండగా కూతకు వెళ్ళిన భారత రైడర్ పవన్ సెహ్రావత్ ఎవరినీ ముట్టకుండా లాబీలో, అంటే బరికి అటూఇటూ ఉండే పక్క పట్టీలో, అడుగుపెట్టాడు. పట్టే ఊపులో ఇరాన్ డిఫెండర్లు కూడా వెంటపడి లాబీలోకి వెళ్ళారు. పాత రూల్లో అలా వచ్చిన డిఫెండర్లూ ఔటే. కొత్త రూల్లో రైడర్ ఒక్కడే ఔట్. ఏది వర్తిస్తుందో తేలక ఆట దాదాపు గంట ఆగింది, చివరికి భారత్ 33-29తో గెలిచింది. వీడియో, జ్యూరీ అన్నీ ఉన్నచోటే అంత గందరగోళమైతే, మైకు మాత్రమే ఉన్న మన గ్రౌండ్లో సంగతి చెప్పక్కర్లేదు.

కాబట్టి మొదట ఒక్క పేజీ కాగితం రాయండి. రూల్ బుక్ మొత్తం అక్కర్లేదు, తగాదా పుట్టే చోట్లు చాలు. లాబీ సంగతి అందులో మొదటి వాక్యంగా ఉండాలి: ముట్టకుండా రైడర్ లాబీలోకి పోతే అతనొక్కడే ఔటా, వెంట వెళ్ళిన డిఫెండర్లు కూడానా? తర్వాత సూపర్ ట్యాకిల్. బరిలో ముగ్గురో అంతకంటే తక్కువో డిఫెండర్లు ఉండి రైడర్‌ను పట్టేస్తే ఒక పాయింట్‌కు ఇంకోటి కలుస్తుంది. ముగ్గురున్నారన్న లెక్క ఎప్పటిదో కూడా రాయాలి. రైడర్ నడిగీత దాటిన క్షణాన్ని లెక్కగా పెట్టుకుంటే వాదన తక్కువ. అది రాయకపోతే, పట్టుకునే పెనుగులాటలో ఒక డిఫెండర్ గీత దాటి బయటపడినప్పుడు స్కోరర్ అప్పటి తలలు లెక్కేసి రెండు పాయింట్లిస్తాడు, అక్కడే అరుపులు మొదలవుతాయి. బోనస్‌కు, అంటే బోనస్ గీత దాటితే రైడర్‌కు వచ్చే పాయింట్‌కు అయితే, ఎదుటి బరిలో ఆరుగురైనా ఉండాలి, బోనస్ గీత దాటిన కాలు నేల మీద పడినప్పుడు వెనక కాలు గాలిలో ఉండాలి.

డూ ఆర్ డై రూల్‌కు ఇంకాస్త ఓపిక కావాలి. ఒక జట్టు వరుసగా రెండు ఖాళీ కూతలు (ఎవరికీ పాయింట్ రానివి) చేస్తే మూడోదాంట్లో పాయింట్ తేవాలి, తేకపోతే రైడర్ ఔట్. బోనస్ వచ్చినా చాలు. ముందున్న జట్టు నడిగీత దగ్గరే తిరిగి టైం తినకుండా పెట్టిన రూల్ ఇది, నా లెక్కలో కొత్తవాటిలో ఇదే మంచిది. పెద్దాయనలు మాత్రం దీన్నే ఎక్కువ తిడతారు: "ముట్టలేదు, పట్టలేదు, ఎట్ల ఔటైతడు?" వాళ్ళకు మూడో కూత అని తెలియదు, ఎందుకంటే ఎవరూ చూపించలేదు. స్కోరర్ పక్కన ఒక కుర్రాడిని కూర్చోబెట్టి, మూడో కూత రాగానే ఎర్ర గుడ్డ ఎత్తమనండి. రెండు జట్లకూ లెక్క వేరు కాబట్టి రెండు పలకలు పెట్టి ఖాళీ కూతకో గీత గీయాలి. హాఫ్ టైం తర్వాత లెక్క కొనసాగుతుందా, సున్నా నుంచి మొదలా అన్నది కాగితంలో ఉండాలి. ఇది మరిచిపోతే రెండో సగం తొలి నిమిషంలోనే బల్ల దగ్గర గుంపు.

రూల్ మీద వచ్చే కోపంలో చాలా భాగం గీతల తప్పు. పురుషుల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. నడిగీత నుంచి 3.75 మీటర్లకు బాక్ లైన్ (రైడర్ దాటి రావాల్సిన గీత), అక్కడి నుంచి ఒక మీటరుకు బోనస్ గీత. అటూఇటూ లాబీలు ఒక్కో మీటరు. అమ్మాయిల బరి 12, 8. బాక్ లైన్ 3 మీటర్లకు. టేపు పెట్టి కొలవాలి, అడుగులు వేసి గీసిన బోనస్ గీత దగ్గరికి జరిగితే బోనస్ చవకైపోతుంది, "ఈ రూలే దండగ" అని రూల్ మీద పడతారు. గీతకు ముగ్గుపొడి చాలు. పొడి సున్నం చల్లితే పడ్డవాడి కళ్ళు మండుతాయి. నల్లరేగడిలో గీత ఐదు కూతలకే చెరిగిపోతుంది, ప్రతి టైం అవుట్‌కూ ఒకరు పొడి డబ్బాతో లోపలికి వెళ్ళాలి. చెలక నేలల్లో కొంచెం నిలుస్తుంది.

పోటీకి రెండు రోజుల ముందు ఒక ప్రాక్టీస్ మ్యాచ్ పెట్టి, స్కోర్ షీట్లో రెండు వరుసలు గీయండి: పాత రూల్, కొత్త రూల్. ఒక్కో కూతకూ రెండింట్లోనూ పాయింట్ రాయాలి. మూడు సూపర్ ట్యాకిల్స్ అయితే మూడు పాయింట్ల తేడా, రెండు డూ ఆర్ డై ఔట్లైతే ఇంకో రెండు, అలా. ఆట అయ్యాక ఆ రెండు మొత్తాలు మైకులో చదివితే జనానికి సంగతి అర్థమవుతుంది. దీనికి ఒక లోపం ఉంది: ఆటగాళ్ళు రూల్‌ను బట్టే ఆడతారు. ముగ్గురే మిగిలినప్పుడు రెండు పాయింట్లు వస్తాయని తెలిస్తేనే తెగించి పట్టుకు పోతారు. అందుకే వరుసల తేడాను సరిగ్గా అంతేనని చెప్పకండి, ఆ మాత్రం తేడా వస్తుందని చెప్పండి.

30 సెకన్ల కూతకు స్టాప్‌వాచ్ ఫోన్‌లో పెడితే ఏరోప్లేన్ మోడ్ వేయండి, కాల్ వస్తే టైం పోతుంది. చివరి ఐదు సెకన్లు పైకి లెక్కపెట్టాలి. రిఫరీ ఒకరు, అంపైర్లు ఇద్దరు, స్కోరర్ ఒకరు, సహాయ స్కోరర్లు ఇద్దరు, అంతకంటే తగ్గించొద్దు. వీడియో చూస్తామంటే నిర్వాహకులు స్టాండు మీద పెట్టిన ఒక్క ఫోన్ మాత్రమే, గీతకు సరిగ్గా అడ్డంగా. ప్రేక్షకుల ఫోన్లకు ఒప్పుకుంటే పది కోణాలు, పది తీర్పులు.

ఇక జనం అభిప్రాయం ఎలా తీసుకోవాలి? మ్యాచ్ అయిన వెంటనే అడగొద్దు, ఓడిన ఊరు ప్రతి రూల్‌నూ తిడుతుంది. మధ్యాహ్నం భోజనాల విరామం మంచిది. కాగితం, పెన్ను ఇస్తే పదిమందైనా రాయరు. మనిషికో చింతగింజ చేతిలో పెట్టి, రెండు కుండలు ముందుంచి, ఒక్కసారికి ఒకే రూల్ గురించి అడగండి. "కొత్త రూల్స్ బాగున్నాయా?" అంటే ఏమీ తెలియదు. "ఇందాక మూడో కూతలో రైడర్ ఔటయ్యాడు కదా, ఆ రూల్ ఉండాలా, వద్దా?" అని కళ్ళముందు జరిగినదాన్ని అడిగితే సమాధానం వస్తుంది. ఆటగాళ్ళకు వేరే కుండలు పెట్టాలి, వాళ్ళ బాధ వేరు. "రూల్ బాగలేదు" అన్నవాడిని పక్కకు పిలిచి ఏ కూత సంగతి అని అడగండి. చాలాసార్లు అతని గొడవ అంపైర్ తీర్పు మీద. రూల్ ఏదైనా ఆ కేక వచ్చేదే. అలాంటి గింజల్ని పక్కన పెట్టి లెక్కించండి.

గింజలు వద్దన్నంత మాత్రాన రూల్ తీసేయకండి. ఇక్కడ ఆడే పిల్లలు రేపు యూనివర్సిటీ సెలెక్షన్‌కు వెళ్ళాలి, అక్కడ ఫెడరేషన్ రూల్ బుక్కే. మార్చుకోదగ్గవి ఎర్ర గుడ్డ, మైకులో చెప్పే తీరు, వీడియో చూడాలా వద్దా లాంటివి. మరుసటి రోజు పొద్దున మొదటి మ్యాచ్‌కు ముందు, కెప్టెన్లిద్దరినీ నడిగీత దగ్గర నిలబెట్టి, సవరించిన కాగితాన్ని మళ్ళీ మొదటి వాక్యం నుంచి చదివించండి: లాబీ, ముట్టడం, ఎవరు ఔట్.