లా లైబ్రేరియన్‌కు నాయకత్వం – 4వ పాఠం: ఒకే మనిషి, రెండు పనులు

మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ బృందం 1939లో వివరించిన మూడు నాయకత్వ పద్ధతుల గురించి కిందటి పాఠంలో చదివాం. తానే నిర్ణయించి చెప్పడం, అందరితో కలిసి నిర్ణయించడం, ఎవరి పని వాళ్లకు వదిలెయ్యడం. వాటిలో మీది ఏదో రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గరే ఉంచుకోండి, ఈ పాఠం చివర దానితో పనుంది.

2024 జులై 1న దేశమంతటా కొత్త నేర చట్టం, భారతీయ న్యాయ సంహిత, అమల్లోకి వచ్చింది. పాత నేర చట్టం ఐపీసీలోని 511 సెక్షన్లు పోయి 358 సెక్షన్లు వచ్చాయి. కేసులు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ, సాక్ష్యాల గురించిన ఎవిడెన్స్ యాక్ట్ కూడా మారాయి. అప్పుడు నేను విశాఖలో ఒక లా కాలేజీ లైబ్రరీ చూస్తున్నాను. మా అటెండర్ చాలా సీనియర్, అందరికీ ఆయన బాబాయే. తీర్పుల సంపుటాలైన ఆల్ ఇండియా రిపోర్టర్ నుంచి ‘ఏఐఆర్ 1973 సుప్రీంకోర్టు 1461’ అని ఎవరైనా అడిగితే చాలు, కేటలాగు వైపు కూడా చూడకుండా కేశవానంద భారతి తీర్పున్న సంపుటం తెచ్చి బల్ల మీద పెట్టేవారు. అలాంటి మనిషికి వేరే చెప్పేదేముందనుకున్నాను. “బాబాయ్, కొత్త చట్టాలు ముందు వరసలో పెట్టించండి, పాతవి తీయించండి” అని ఒక్క మాట చెప్పి మీటింగుకి వెళ్లిపోయాను.

తిరిగొచ్చేసరికి ఐపీసీ బేర్ యాక్టులు (చట్టం పాఠం మాత్రమే ఉన్న పుస్తకాలు), వివరణతో ఉన్న కామెంటరీలు అన్నీ తాళ్లతో కట్టి స్టోర్‌రూమ్‌లో ఉన్నాయి. ఆ వారంలోనే మా పాత విద్యార్థి ఒకరు, ఇప్పుడు జిల్లా కోర్టులో జూనియర్ లాయరు, హత్య కేసు కోసం ఐపీసీ కామెంటరీ అడిగారు. నేరం జరిగింది 2022లో. జులై 1కి ముందు జరిగిన నేరానికి ఐపీసీయే వర్తిస్తుంది. ఆ తేదీకి పెండింగులో ఉన్న విచారణలు పాత సీఆర్‌పీసీ ప్రకారమే సాగుతాయి. అంటే పాత పుస్తకాల అవసరం ఇంకా ఏళ్ల తరబడి ఉంటుంది. స్టోర్‌రూమ్‌లో మూటలు విప్పుతూ వెతికేసరికి ఆయన కోర్టు టైము దాటిపోయింది.

తప్పు నాది. పుస్తకాలు వెతికి తేవడంలో బాబాయ్ నిపుణులు. చట్టం మారే సంధిలో ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్నది మాత్రం ఆయనకు కొత్త పని. ఆ రెండూ ఒకటే అనుకున్నాను.

పాల్ హెర్సీ, కెన్ బ్లాంచార్డ్ 1969లో ముందుకు తెచ్చిన ఆలోచన ఇక్కడ పనికొస్తుంది. ఇప్పుడు దాన్ని సందర్భానుసార నాయకత్వం అంటున్నారు. ఎదుటి మనిషి ఆ పనికి ఎంత సిద్ధంగా ఉన్నారో చూసి, సూటిగా చెప్పడం, వివరించి ఒప్పించడం, కలిసి చేయడం, అప్పగించడం అనే నాలుగింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఈ సిద్ధాంతానికి తగిన రుజువులు లేవని విమర్శించిన పరిశోధకులూ ఉన్నారు. అయినా ‘ఆ పనికి’ అన్న ఒక్క మాట కోసం దీన్ని నేను వదలను.

తర్వాతి వారం రోజూ లైబ్రరీ తెరవకముందు బాబాయ్, నేను అరగంట కూర్చున్నాం. విద్యార్థుల ముందు ఆయనకు పాఠం చెబితే ఆయన పెద్దరికం పోతుంది, అందుకే ఆ వేళ. హత్యకు పాత 302 ఇప్పుడు 103. మోసానికి పాత 420 ఇప్పుడు 318(4). కొత్త సంహితలోనూ 302 ఉంది, అది హత్య గురించి కాదు, మత మనోభావాలు గాయపరిచే మాటల గురించి. అది విని ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “ఏటమ్మా, ఈ వయసులో మళ్లీ ఒకటో తరగతిలో కూకోబెట్టీసేరు” అన్నారు. ఆయన బాధ పుస్తకాల గురించి కాదు. ఇన్నేళ్లు సంపాదించుకున్నది ఒక్క తేదీతో కొట్టుకుపోయిందన్న బాధ. అప్పుడు ఎందుకు మారిందో, పాతది ఎక్కడ ఇంకా బతికే ఉందో ఓపిగ్గా చెప్పాలి. ఊరికే ఆర్డరు వేస్తే మనిషి ముడుచుకుపోతారు. చివరికి మార్గం ఆయనే చూపించారు: పాతవి, కొత్తవి పక్కపక్క ర్యాకుల్లో పెట్టి, అడిగినవాళ్లను ముందుగా “నేరం ఏ తేదీన జరిగింది?” అని అడగడం.

ఆ నాలుగింటిలో సూటిగా చెప్పడం, అప్పగించడం ఎప్పుడో త్వరగా చూద్దాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. అలాంటి రోజున అభిప్రాయాలు అడుగుతూ కూర్చోలేం. కింది అరలు ముందు ఖాళీ చెయ్యండి, తడిసిన పుస్తకాన్ని బలవంతంగా విప్పకండి, ఫ్యాను గాలికి పెట్టండి అని సూటిగా చెప్పాలి. అదే ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర లాంటి తీర్పుల డేటాబేసుల్లో మీ కుర్ర అసిస్టెంటుకు మీకంటే ఎక్కువ తెలిస్తే, మూట్ కోర్ట్ (విద్యార్థుల నమూనా కోర్టు వాదనల పోటీ) జట్లకు శిక్షణ పూర్తిగా అతనికే అప్పగించండి, మధ్యలో వేలు పెట్టకండి.

ఈ వారం అభ్యాసం: మీ దగ్గర పనిచేసేవాళ్లలో అందరికంటే సమర్థులు ఎవరో వాళ్లను తీసుకోండి. వాళ్లు చేసే ఐదు పనులు రాయండి. ఒక్కో పని ఎదురుగా రెండు ప్రశ్నలు: ఇది వాళ్లకు వచ్చా? చేయాలని ఉందా? రెండోదానికి జవాబు మీరు ఊహించి రాయకండి, వాళ్లనే అడగండి. తర్వాత కిందటి వారం కాగితం తీసి, ఆ ఐదింటిలో ఎన్నింటికి మీ పద్ధతి సరిపోయిందో గుర్తు పెట్టండి.

5వ పాఠంలో: ప్రిన్సిపాల్ ముందు జర్నళ్ల చందా గురించి మాట్లాడటం.