ఆ పాత్ర అలా ఎందుకు చేసింది? ఫ్యాంటసీ సిరీస్ మీద సరిగ్గా వాదించడం ఎలా

ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ గేమ్ ఆఫ్ థ్రోన్స్ అనే టీవీ సిరీస్ మొదటి సీజన్ నుంచి చివరి సీజన్ దాకా అన్నీ స్పాయిలర్లే. ఇంకా చూడనివాళ్ళు చూశాక వచ్చి చదవండి. ఉదాహరణకి ఈ సిరీస్‌నే ఎందుకు పట్టుకున్నానంటే, 2011 ఏప్రిల్‌లో మొదలై 2019 మేలో ముగిసిన 8 సీజన్లు, 73 ఎపిసోడ్ల కథ ఇది, అయిపోయి ఏళ్ళు గడిచినా దీని గురించి జనం ఇంకా గొంతు చించుకుంటూనే ఉన్నారు. నేనూ అందులో ఒకడిని. ఎన్నో రాత్రులు దీని మీద వాదించాను, కొన్ని వాదనల్లో అవతలివాళ్ళు చెప్పింది అసలు వినకుండానే మాట్లాడానని తర్వాత అర్థమైంది. అలా నేర్చుకున్నవే ఇవి.

అన్నిటికంటే ముందు ఒకటి తేల్చుకోండి. మీరు వాదించుకుంటున్నది ఏ ప్రశ్న మీద? "ఆ పాత్ర ఎందుకలా చేసింది" అన్నది ఒక ప్రశ్న, దాని జవాబు కథ లోపల వెతకాలి. "రచయితలు ఎందుకలా రాశారు" అన్నది ఇంకో ప్రశ్న, దాని జవాబు కథ బయట ఉంటుంది. డ్రాగన్లున్న రాణి డెనేరిస్ రాజధాని కింగ్స్ ల్యాండింగ్‌ని తగలబెట్టడం గురించి ఒకరు "ఆవిడలో ఆ మంట మొదటి నుంచీ ఉంది" అంటారు, ఇంకొకరు "చివరి సీజన్‌ని 6 ఎపిసోడ్లలో ముగించేయాలన్న తొందర వల్ల వచ్చింది" అంటారు. ఇద్దరూ ఒకరినొకరు ఖండిస్తున్నామనుకుంటారు. కానీ మొదటివాళ్ళు డెనేరిస్ గురించి మాట్లాడుతున్నారు, రెండోవాళ్ళు రచన గురించి మాట్లాడుతున్నారు, రెండూ ఒకేసారి నిజం కావచ్చు. నేను చూసిన గొడవల్లో సగానికి సగం ఇక్కడే పుట్టాయి. అందుకని ఇప్పుడు వాదన మొదలవగానే "మనం పాత్ర గురించి మాట్లాడుతున్నామా, రాసినవాళ్ళ గురించా?" అని అడిగేస్తాను. ఈ ఒక్క మాటతో చాలాసార్లు గొంతులు తగ్గుతాయి.

పాత్ర గురించే అని తేలితే, తర్వాత చూడాల్సింది ఆ క్షణంలో ఆ పాత్రకి ఏం తెలుసన్నది. మనకి తెలిసింది కాదు, ఆ పాత్రకి తెలిసింది. నెడ్ స్టార్క్ భార్య కేట్లిన్‌నే తీసుకోండి. మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో సత్రంలో లానిస్టర్ల ఇంటివాడు టిరియన్‌ని పట్టుకుని బంధిస్తుంది, అక్కడి నుంచి కొంపలు అంటుకుంటాయి. "అంతా ఈవిడ వల్లే" అని తిట్టేవాళ్ళకి లెక్కలేదు. కానీ అప్పటికి ఆవిడ చేతిలో ఏముంది? కొడుకుని చంపడానికి వచ్చినవాడి దగ్గర దొరికిన బాకు. అది టిరియన్‌దని చిన్నప్పటి నుంచీ తనకి తెలిసిన లిటిల్‌ఫింగర్ చెప్పిన మాట. తన భర్త జాన్ ఆరిన్‌ని లానిస్టర్లే చంపారని సొంత చెల్లెలు లైసా పంపిన ఉత్తరం. ఆ ఉత్తరం అబద్ధమని, జాన్ ఆరిన్‌కి విషం పెట్టింది లైసానే అని, పెట్టించింది లిటిల్‌ఫింగర్ అని మనకి తెలిసేది నాలుగో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో. కేట్లిన్ అప్పటికే చనిపోయింది, ఆ సంగతి ఆవిడకి ఎప్పటికీ తెలియలేదు. అంతా చూసేసిన మనం వెనక్కి వెళ్ళి ఆవిడని తెలివితక్కువది అనడం అన్యాయం. తొందరపడిందా అంటే పడింది, నేనూ ఒప్పుకుంటాను. అంత మందిలో, అంత బాహాటంగా పట్టుకోవాల్సిన పనిలేదు. అది వేరే వాదన, దానికి బలం ఉంది.

తర్వాత ఆ పాత్రకి ఏం కావాలన్నది. "నేనైతే అలా చేసేవాడిని కాదు" అన్న మాట నోట్లోంచి వచ్చిందంటే ఆగండి. మీరైతే చేయరు సరే, ప్రశ్న మీ గురించి కాదు కదా.

నెడ్ స్టార్క్ గురించి నేను ఎప్పుడూ వెనక్కి తగ్గను. మొదటి సీజన్ ఏడో ఎపిసోడ్‌లో రాణి సెర్సీ దగ్గరికి స్వయంగా వెళ్ళి, నీ పిల్లలు రాజుకి పుట్టలేదన్న రహస్యం నాకు తెలిసిపోయింది, రాజు తిరిగొచ్చేలోగా వాళ్ళని తీసుకుని వెళ్ళిపో అని చెప్తాడు. "మూర్ఖుడు, రాజకీయం తెలియనివాడు" అని ఒక్క మాటలో కొట్టిపారేస్తారు. అసలు దానికి రెండు ఎపిసోడ్ల ముందు ఏం జరిగిందో చూడండి. కడుపుతో ఉన్న డెనేరిస్‌ని చంపించాలని సభలో నిర్ణయిస్తే, ప్రాణస్నేహితుడైన రాజుని కూడా ఎదిరించి నెడ్ పదవి వదిలేసి వెళ్ళిపోతాడు. పసిపిల్లల చావు తన చేతి మీదుగా జరగకూడదన్నది అతనికి అన్నిటికంటే పెద్ద విషయం. సెర్సీ పిల్లల సంగతి రాజు రాబర్ట్‌కి తెలిస్తే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. అందుకే ముందు ఆమెకి చెప్పాడు. ఎనిమిదో ఎపిసోడ్‌లో చెరసాలలో గూఢచారుల పెద్ద వేరిస్ అడిగితే తన నోటితోనే ఆ సంగతి చెప్తాడు. ఫలితం ఘోరంగా వచ్చింది కాబట్టి ఉద్దేశం లేదనడం కుదరదు. తప్పు నిర్ణయం తీసుకోవడం వేరు, పాత్రకి తగని నిర్ణయం తీసుకోవడం వేరు. ఈ రెండూ కలిపేసి వాదించేవాళ్ళని దయచేసి అక్కడే ఆపండి.

ఆధారంగా సీన్ చెప్పడం అలవాటు చేసుకోండి. "ఆమె మొదటి నుంచీ అంతే" అంటే వాదన కాదు. ఏ సీజన్, ఏ సీన్, ఏం అంది, ఏం చేసింది, అది చెప్పాలి. గుర్తు లేకపోతే వెళ్ళి మళ్ళీ చూసి రావాలి, మన జ్ఞాపకం మనకి అనుకూలంగానే సీన్లని మార్చేస్తుంది, నాకు చాలాసార్లు జరిగింది.

ఇక కథ మలుపుల సంగతి. ఒక మలుపు బాగుందా లేదా అని తేల్చడానికి నేను వాడే పద్ధతి చాలా చిన్నది. సీన్లని వరసగా చెప్పుకుంటూ మధ్యలో "అందుకని" అన్న మాట పెట్టి చూడండి. నెడ్ కొడుకు రాబ్ స్టార్క్ సైన్యం నది దాటాలి, అందుకని అక్కడి వంతెన చేతిలో ఉన్న వాల్డర్ ఫ్రేకి పెళ్ళి మాట ఇచ్చారు. రాబ్ టలీసాని ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడు, అందుకని ఫ్రేకి అవమానం జరిగింది. రాబ్ సామంతుడు రిక్కార్డ్ కార్‌స్టార్క్ బందీలైన కుర్రాళ్ళని చంపాడు, న్యాయం అందరికీ ఒకటే అని నమ్మే రాబ్ అందుకని అతని తల నరికాడు, అందుకని కార్‌స్టార్క్ సైన్యం వెళ్ళిపోయింది, అందుకని రాబ్‌కి మళ్ళీ ఫ్రే మనుషులు కావాల్సి వచ్చింది, అందుకని రాబ్ మేనమామ ఎడ్మ్యూర్‌కి ఫ్రే కూతురితో పెళ్ళి. మూడో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్‌లో ఆ పెళ్ళిలో జరిగిన నరమేధం చూసి 2013లో జనం ఏడ్చారు, టీవీ మీద కోపగించుకున్నారు, కానీ "ఇది అతకలేదు" అన్నవాళ్ళు నాకు తెలిసి చాలా తక్కువ. ఎందుకంటే ప్రతి మెట్టునీ రాబ్ తన గుణంతోనే కట్టుకున్నాడు. నా దృష్టిలో ఈ సిరీస్ మొత్తంలో దీన్ని మించిన కథా నిర్మాణం లేదు.

ఇప్పుడు అదే పద్ధతిని ఎనిమిదో సీజన్ నాలుగో ఎపిసోడ్ మీద పెట్టి చూడండి. డెనేరిస్ డ్రాగన్ మీద ఎగురుతూ వస్తుంది, శత్రువు యూరాన్ గ్రేజాయ్ ఓడలు ఎక్కడి నుంచో ప్రత్యక్షమవుతాయి, బాణాలు దూసుకొచ్చి ఆవిడ ఇంకో డ్రాగన్ రేగల్ సముద్రంలో పడిపోతాడు. "అందుకని" ఎక్కడ పెడతారు? అంత ఎత్తున ఎగురుతున్న ఆవిడకి పట్టపగలు ఓడలు ఎందుకు కనబడలేదు? అదే ఎపిసోడ్‌లో యుద్ధం గురించి మాట్లాడుకునేటప్పుడు గ్రేజాయ్ నౌకాదళం ప్రస్తావన వస్తుంది కూడా. ఎపిసోడ్ తర్వాత ఇచ్చిన వివరణలో సిరీస్ రూపకర్తల్లో ఒకరైన డేవిడ్ బెనియాఫ్, ఆ నౌకాదళం సంగతి డెనేరిస్ కాస్త మర్చిపోయిందన్నట్టు చెప్పారు. ఇక్కడ పాత్రని తప్పు పట్టి లాభం లేదు. డ్రాగన్ చావాలని ముందే నిర్ణయమైపోయింది, అక్కడికి పాత్రని లాక్కొచ్చారు. ఇలాంటి చోట రెండో ప్రశ్నకి వెళ్ళిపోవడమే నిజాయితీ.

డెనేరిస్ దగ్గరికి వద్దాం, తప్పదు. ఆవిడ చివరికి అలా అవుతుందని ముందే సూచించారా అంటే, సూచించారు. రెండో సీజన్‌లో ఖార్త్ ద్వారం ముందు నగరాలు కాల్చేస్తానని బెదిరిస్తుంది. నాలుగో సీజన్‌లో మెరీన్ యజమానులు 163 మందిని శిలువ వేయిస్తుంది. ఏడో సీజన్‌లో లొంగిపోని టార్లీ తండ్రీకొడుకులని డ్రాగన్‌తో కాల్పిస్తుంది. ఇవన్నీ ఉన్నాయి, లేవనడం అబద్ధం. కానీ అవతలి పక్క కూడా అంతే బరువుంది. నాలుగో సీజన్ చివర్లో, ఒక చిన్నపిల్లని డ్రాగన్ కాల్చేసిందని ఒక తండ్రి ఎముకలు తెచ్చి చూపిస్తే, పిల్లల్లా పెంచుకున్న డ్రాగన్లలో రెండింటిని తన చేతులతోనే గొలుసులు వేసి చీకట్లో బంధిస్తుంది. ఏడో సీజన్‌లో బూడిద కుప్పకి రాణిని కావాలని రాలేదని తనే అంటుంది. ఆవిడ కోపం ఎప్పుడూ తనకి ఎదురు నిలిచినవాళ్ళ మీద, క్రూరులనుకున్నవాళ్ళ మీద, ఊళ్ళో ఉన్న మామూలు జనం మీద కాదు.

కాబట్టి సరైన ప్రశ్న "ఆవిడ అలా చేయగలదా" కాదు. గంటలు మోగి, నగరం లొంగిపోయి, గెలిచేసిన తర్వాత, కోట మీదికి కాకుండా వీధుల మీదికి ఎందుకు తిరిగింది? దీనికి ఏ సీన్ జవాబు చెప్తుంది? నమ్మిన అనుచరుడు జోరా పోయాడు, స్నేహితురాలు మిస్సాండే తల తన కళ్ళ ముందే తెగింది, వేరిస్ ద్రోహం చేశాడు, ప్రేమించిన జాన్ స్నో దూరం జరిగాడు, ఇక్కడ తనకి ప్రేమ లేదు భయమే మిగిలిందని ఆ ఎపిసోడ్‌లోనే అంటుంది. సమర్థించేవాళ్ళు ఇవి చూపించాలి, చూపించగలరు కూడా. నాకు మాత్రం సరిపోలేదు. ఒంటరితనం నుంచి ఊరిని కాల్చడం దాకా నడవాల్సిన దారిని రెండు ఎపిసోడ్లలో పరుగెత్తించారు. ముందే క్లూ వేయడం వేరు, మనిషి మారడం చూపించడం వేరు. మొదటిది ఉంది, రెండోది తక్కువైంది. నాతో ఒప్పుకోనివాళ్ళలో చాలా మంచి వాదన చేసినవాళ్ళున్నారు, వాళ్ళందరూ సీన్లు పట్టుకుని మాట్లాడినవాళ్ళే.

మూల నవలలు చదివినవాళ్ళకి ఒక మాట. నవలల్లో ఉన్నది సిరీస్ పాత్రకి సాక్ష్యం కాదు. సిరీస్‌లో రాబ్ ప్రేమ కోసం మాట తప్పుతాడు. నవలలో గాయపడి ఉన్నప్పుడు తన్ని చూసుకున్న వేరే అమ్మాయితో ఒక రాత్రి గడిపి, ఆమె పరువు కాపాడటానికి పెళ్ళి చేసుకుంటాడు. జరిగింది దాదాపు ఒకటే, మనిషి వేరు. అక్కడి రాబ్‌ని తెచ్చి ఇక్కడి రాబ్‌ని సమర్థిస్తే మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టే. ఏది మాట్లాడుకుంటున్నామో మొదట్లోనే అనుకుంటే చాలు.

రచయితల ఇంటర్వ్యూలూ అంతే, రెండో ప్రశ్నకి పనికొస్తాయి, మొదటిదానికి కాదు. మృతుల సైన్యాన్ని నడిపే నైట్ కింగ్‌ని నెడ్ కూతురు ఆర్యా చంపాలని దాదాపు మూడేళ్ళ ముందే అనుకున్నామని బెనియాఫ్ చెప్పారు. మంచిదే, అది వాళ్ళ ప్లాన్. ఆ ప్లాన్ తెర మీద కనబడిందా అన్నది మనం చూసి తేల్చాల్సిందే.

మనుషులతో ఎలా ఉండాలో కూడా చెప్పాలి కదా. ఎవరో సెర్సీని ఇష్టపడుతున్నారంటే వాళ్ళు సెర్సీలాంటివాళ్ళని కాదు. చివరి సీజన్ మళ్ళీ తీయాలని 10 లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు, అందులో ఎంతో ప్రేమ ఉంది, కానీ సంతకాల సంఖ్య చూపించి వాదన గెలవలేరు. అవతలివాళ్ళ వాదనని మీ మాటల్లో తిరిగి చెప్పి "ఇదేనా మీరనేది?" అని అడగండి. వాళ్ళు "అదే" అన్నాకే జవాబు చెప్పండి. అలా కాకపోతే ఎవరు పట్టుకున్న కుందేలుకి వాళ్ళు మూడే కాళ్ళు అంటూ తెల్లారిపోతుంది.

నాకు ఇప్పటికీ తేలనిది టిరియన్ అన్న జెయిమీ సంగతి. మూడో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో వేడినీళ్ళ తొట్టిలో కూర్చుని యోధురాలు బ్రియెన్‌తో చెప్తాడు, ఊరంతటినీ తగలబెట్టమన్న రాజుని ఎందుకు చంపాడో, ఆ పరువు ఎందుకు పోగొట్టుకున్నాడో. ఎనిమిదో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో అదే మనిషి, ఊళ్ళో జనం గురించి నేనెప్పుడూ పెద్దగా పట్టించుకోలేదని టిరియన్‌తో అంటాడు. నేను అది రచయితల పొరపాటు అంటాను. నా ఫ్రెండ్ మాత్రం అది జెయిమీ తనకి తాను చెప్పుకున్న అబద్ధం అంటాడు, దానికి ముందు ఎపిసోడ్‌లో వింటర్‌ఫెల్ వదిలి వెళ్తూ తను చేసిన పాపాలన్నీ బ్రియెన్‌కి లెక్కపెట్టి చెప్పినప్పుడు, చేసిన ఒక్క మంచి పనినీ వదిలేశాడు చూడు, తన్ని తాను అసహ్యించుకునేవాడు అలాగే మాట్లాడతాడు అంటాడు. ఆ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఈ ఆదివారం ఆ మూడు సీన్లూ వరసగా, మధ్యలో ఎవరం ఏమీ మాట్లాడకుండా చూద్దామని అనుకున్నాం.