పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో డొమైన్ చెక్ మార్చడం: నాకు పనిచేసిన పద్ధతి

మారతహళ్లి ఆఫీసులో రెండ్రోజులు టెన్షన్ పెట్టిన సంగతి ఇది. పిన్‌కోడ్ కోసం టెక్స్ట్ మీద కట్టిన డొమైన్ (అంటే చెక్ అనే షరతు తగిలించిన సొంత డేటా టైప్) ఒకటుంది. ఆరు అంకెలే ఉండాలి, మొదటిది సున్నా కాకూడదు అని కొత్త చెక్ పెట్టబోతే, ఉన్న డేటా ఒప్పుకోదంటూ ఎర్రర్. డొమైన్ తీసేసి మళ్లీ కట్టడం, కాలమ్‌ని టెక్స్ట్‌కి మార్చి వెనక్కి తేవడం, రెండూ చూశాను, కుదరలేదు.

చివరికి పనిచేసింది ఇది. ఆల్టర్ డొమైన్ కమాండ్‌తో కొత్త చెక్‌కి పేరు పెట్టి, చివర నాట్ వాలిడ్ అని చేర్చాను. దాంతో పాత వరుసల జోలికి పోకుండా, కొత్తగా వచ్చే విలువలనే పరీక్షిస్తుంది. ఆ తర్వాత తీరిగ్గా చెత్త ఏరాను. ఎక్కువగా '560 037' అని మధ్యలో ఖాళీ ఉన్నవే. కొన్నింటిలో సున్నాకి బదులు ఇంగ్లిష్ 'ఓ' అక్షరం! కంటికి అసలు తేడా తెలియదు.

అప్పుడు పాత వరుసలనీ పరీక్షించే వాలిడేట్ కన్‌స్ట్రెయింట్ కొడితే మళ్లీ ఎర్రర్. అది టేబుల్, కాలమ్ పేర్లే చెబుతుంది, ఏ వరుసో చెప్పదు. చూస్తే, అందరం మర్చిపోయిన పాత ఆర్డర్ల టేబుల్‌లోనూ అదే డొమైన్ ఉంది. దాన్నీ సరిచేశాక వాలిడేట్ అయింది. పాత చెక్‌ని ఆఖర్న డ్రాప్ చేశాను.

అందరికీ ఇలాగే కుదురుతుందని చెప్పలేను. డొమైన్‌ని అర్రేలోనో (విలువల జాబితా) కాంపోజిట్ టైప్‌లోనో (కొన్ని ఫీల్డులు కలిపిన టైప్) వాడిన కాలమ్ ఉంటే వాలిడేట్ మెట్టు దాటనివ్వదు. మా దగ్గర అలాంటిది లేదు, బతికిపోయాం.