కోకాపేట ఫ్లాట్‌కి ఇంటీరియర్ చేయించేముందు

సైట్లలో వడ్రంగి పని చేయించేవాణ్ణి కాబట్టి చెబుతున్నా. ఓపెన్ కిచెన్ కావాలంటే హాలుకీ దానికీ మధ్య జరిపే గాజు తలుపు తప్పనిసరిగా పెట్టించండి. ఎండుమిర్చి, ఇంగువ పోపు ఘాటు సోఫా గుడ్డకి పట్టేస్తుంది. చిమ్నీ ఒక్కటే ఆపలేదు.

వంటగట్టుకి ఇటాలియన్ మార్బుల్ వద్దే వద్దు. నిమ్మరసం, చింతపండు పులుసు పడ్డచోట పాలిష్ పోతుంది, పసుపు లోపలికి ఇంకుతుంది. పాతకాలం అంటే అననీయండి, నల్ల గ్రానైటే వేయించండి.

సింకు కింద వాడే ప్లైవుడ్ మీద ఐఎస్ 710 (నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం) ముద్ర మీ కళ్లతో చూశాకే కోయనివ్వండి. ఎంఆర్ రకం, అంటే కొద్దిపాటి తేమని మాత్రమే తట్టుకునేది, తడికి ఉబ్బిపోతుంది.

గాడులు తీసిన అలంకార ప్యానెళ్లు (ఫ్లూటెడ్) టీవీ వెనక గోడ ఒక్కదానికే చాలు. లైట్లు 3000 కెల్విన్‌వి, అంటే లేత పసుపు వెలుగువి తీసుకోండి. ఫాల్స్ సీలింగ్ మూయకముందే వైరింగు, ఏసీ పైపుల ఫొటోలు తీసిపెట్టుకోండి.