డౌన్ పిల్లల తిండి లెక్క: ముందు టేపు తీయండి

తిరుపతిలో చిన్న టిఫిన్ అంగడి నాది. ఏ దోసెకు ఎంత నూనె పడుతుందో చూడకుండా చెప్పగలను. ఇంట్లో ఎనిమిదేళ్ల పాపకు డౌన్ సిండ్రోమ్, అంటే 21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువగా ఉండి పుట్టింది. అందుకే తిండి లెక్క నేను తొందరగా పట్టుకోగలిగినాను. అదే మీకూ చెప్తాను.

ముందు ఎత్తు కొలవండి. చెప్పులు తీసి, జడ విప్పి, మడమలు గోడకు ఆనించి నిలబెట్టండి. తల మీద అట్ట ఆనించి గీత పెట్టండి. (కొండ మీద గుండు కొట్టించి వచ్చిన నెలలో కొలత భలే కచ్చితంగా వస్తుంది.) బరువు నెలకొకసారి చాలు, ఒకే మిషన్ మీద, పొద్దున్నే ఏమీ తినకముందు. రోజూ తూచితే పిల్లకు చిరాకు, మనకు బెంగ.

వయసు వదిలేసి ఎత్తు ఎందుకంటే, మన పిల్లలు ఈడువాళ్ల కంటే పొట్టి, కండ మెత్తన. ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి కూడా కాస్త తక్కువే. ఐదు నుంచి పదకొండేళ్ల డౌన్ పిల్లలకు డైటీషియన్లు వాడే అంచనా ఒకటుంది: ఆడపిల్లకు రోజుకు ఎత్తులో ఒక్కో సెంటీమీటరుకు 14.3 కేలరీలు, మగపిల్లాడికి 16.1. మా పాప 110 సెంటీమీటర్లు, అంటే రోజుకు 1570 దాకా. ఏడు నుంచి తొమ్మిదేళ్ల మామూలు పిల్లలకు ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన సంస్థ) చెప్పేది 1700. తేడా ఒక్క నూనె దోసె! ఆ దోసే రోజూ ఒంట్లో మిగిలిపోతా ఉంటే ఏడాదికి గౌన్లు బిగుతవుతాయి.

తేడా అంతే కాబట్టి కడుపు మాడ్చొద్దు. లావెక్కిన పిల్లయినా, పెరిగే వయసు కాబట్టి బరువు అక్కడే ఆగితే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ సర్దుకుంటుంది. చేయి బిగించాల్సింది నూనె దగ్గర. టీస్పూనుకే 40-45 కేలరీలు పోతాయి. మేం సంగటి ముద్ద చిన్నది చేసి, అనపగింజల కూరో ఆకుకూర పప్పో ఎక్కువ పెడతాం. చెనిక్కాయల ఊరిబిండి రుచికి నాకినంత వరకే, 30 గ్రాముల విత్తనాల్లో 170 కేలరీలుంటాయి మరి. సాయంత్రం బజ్జీ అడిగితే బొరుగులు ఇస్తాం. గిన్నె నిండుగా కనిపిస్తుంది, తూకం చూస్తే ఏమీ ఉండదు. గుడ్డు, పాలు మాత్రం మానిపించొద్దు.

వీటన్నిటికంటే కష్టం చుట్టాలతో. దర్శనానికొచ్చిన ప్రతివాళ్లూ లడ్డు చేతిలో పెట్టి "పాపం, దానికేం తెలుసు, తిననీలే" అంటారు. ఒక లడ్డు మొత్తం తింటే ఒక పూట భోజనం దాటిపోతుంది. ప్రసాదం చిటికెడైనా ప్రసాదమే కదా, మిగతాది వాళ్ల ముందే పక్కింటికి పంపించేస్తాను. మొహమాటపడితే ఆ జాలి అంతా పిల్ల నడుముకే చేరుతుంది.

అయితే ఈ లెక్క చంటిబిడ్డలకు పెట్టొద్దు. డౌన్ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. పాలు తాగుతా తాగుతా నుదురు చెమటపట్టి, ఆయాసపడి వదిలేస్తే, బరువు పెరగకపోతే, ఆ బిడ్డకు మామూలు బిడ్డ కంటే ఎక్కువ కేలరీలు కావాలి. ఎంత, ఎట్లా అన్నది డాక్టరే చెప్పాలి. టీటీడీ 2021లో మన ఊళ్లోనే పిల్లల గుండె ఆసుపత్రి తెరిచింది, దూరం పోయే పని లేదు.

ప్రాడర్-విల్లీ అని పుట్టుకతో వచ్చే ఇంకో జబ్బుంది, ఆ పిల్లల దారి వేరు. 15వ క్రోమోజోమ్‌లో తేడా వల్ల వస్తుంది. పసితనంలో పాలు పీల్చడానికే బలం ఉండదు. తర్వాత కొన్నేళ్లకు ఎంత తిన్నా ఆకలి తీరదు. వాళ్లకు సెంటీమీటరుకు 10-11 కేలరీలే సరిపోతాయి. వంటింటికి తాళం వేసుకోవాల్సి వస్తే అది పిల్లాడి మొండితనం అనుకోవద్దు, జబ్బే అట్లాంటిది.

తిండి మారకుండానే పాప లావై, మందకొడిగా ఉండి, మలబద్ధకం కూడా ఉంటే తిండి కోయకముందు థైరాయిడ్ చూపించండి. డౌన్ పిల్లలకు ఏ లక్షణం లేకపోయినా ఆ పరీక్ష ఏటా చేయించాలి.

డాక్టరు దగ్గరికి పోయే ముందు మూడు రోజులు పాప తిన్నవన్నీ కాగితం మీద రాయండి. బడిలో స్నేహితులు పెట్టినవి, అవ్వ కొంగుచాటున ఇచ్చిన బిస్కెట్లు కూడా.