బీఈడీలో చేరారా? ఈపాస్ దరఖాస్తు పెట్టే ముందు పేరు సరిచూసుకోండి

హైదరాబాద్‌లో బీఈడీ, డీఎల్‌ఈడీ చేరే పిల్లలచేత ఈపాస్ దరఖాస్తులు ఏళ్ల తరబడి పెట్టిస్తున్నాను. ఈపాస్ అంటే ఫీజు రీయింబర్స్‌మెంట్, స్కాలర్‌షిప్ కోసం తెలంగాణ ప్రభుత్వ వెబ్‌సైట్. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో మంచి ర్యాంకు, కన్వీనర్ కోటా సీటు, ఆదాయం పరిమితి లోపే. అయినా దరఖాస్తు ఆగిపోతుంది. ఎందుకని చూస్తే పేరులో ఒక్క అక్షరం తేడా! చూసి చూసి విసుగొచ్చింది.

ముందు కాగితాలు. టెన్త్ మెమో, డిగ్రీ మెమోలు, టీసీ, బోనఫైడ్‌లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, అలాట్‌మెంట్ ఆర్డర్. కులం, ఆదాయం మీసేవలో పెడితే తహసీల్దార్ ఆఫీసు ఇస్తుంది. బీసీ, ఈబీసీలకు కుటుంబ ఆదాయం పల్లెలో లక్షన్నర, పట్టణంలో 2 లక్షలు దాటకూడదు. మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రాదు, అడగొద్దు. జిరాక్స్‌లు మూడు సెట్లు తీయించండి, రెండు చాలవు.

ఇక అసలు పని. టెన్త్ మెమోలో ఉన్న పేరు, ఆధార్‌లో ఉన్న పేరు ఒక్కటే కావాలి, అదీ ఇంగ్లిష్ అక్షరాల్లో. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క ‘బి’ ఉంటుంది. లేదా లక్ష్మిలో ఒకచోట ఎక్స్, ఇంకోచోట కె-ఎస్-హెచ్. తెలుగులో చదివితే ఒకటే పేరు, కంప్యూటర్‌కు మాత్రం ఇద్దరు మనుషులు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, వేలు పెట్టి అక్షరం అక్షరం చదవండి. పుట్టిన తేదీ కూడా.

పెళ్లయ్యాక బీఈడీ చేసే ఆడపిల్లలు మన దగ్గర చాలామంది. వాళ్ల ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, మెమోలో పుట్టింటిది. ఇలాంటప్పుడు ఆధార్‌నే మెమోకు తగ్గట్టు మార్చుకోండి. మెమో మార్చాలంటే చదివిన బడి నుంచి మొదలుపెట్టి తిరగాలి, ఏడాది గడిచిపోతుంది. ఇంట్లో ఎవరైనా అభ్యంతరం చెబితే, లేకపోతే ఎంత ఫీజు చేతి నుంచి కట్టాలో చెప్పండి.

ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే. అందుకే తొందరపడి ఎక్కడో అక్కడ చేయించొద్దు. మాదాపూర్‌లోని ఆధార్ సేవా కేంద్రానికి అపాయింట్‌మెంట్ తీసుకుని, ఒరిజినల్ మెమోతో, ఫొటో ఉన్న ఇంకో గుర్తింపు కార్డుతో పొద్దున్నే వెళ్లండి. ఆపరేటర్ టైపు చేశాక స్క్రీన్ మీ వైపు తిప్పమని అడగండి. తప్పులు పడేది అక్కడే. వెనక క్యూ ఉందని మొహమాటపడి చూడకుండా సరే అన్న అమ్మాయి ఒకామెకు ‘డబ్ల్యూ’ బదులు ‘వీ’ పడింది. రెండు అవకాశాల్లో ఒకటి అలా పోయింది. రెండూ అయిపోతే అమీర్‌పేట మైత్రీవనం పక్కన స్వర్ణజయంతి కాంప్లెక్స్‌లోని ఆధార్ ప్రాంతీయ కార్యాలయమే దిక్కు.

మార్పుకు నెల రోజుల దాకా పట్టొచ్చు. అందుకే నేను ఎడ్‌సెట్ హాల్‌టికెట్ వచ్చిన రోజే ఈ పని మొదలుపెట్టిస్తాను. ‘ముందు అప్లై చేయండి, తర్వాత సరిచేద్దాం’ అనే ఇంటర్నెట్ సెంటర్ వాళ్ల మాట వినొద్దు. ఒకసారి సబ్మిట్ అయ్యాక దిద్దించడానికి తిరిగేది మీరే, వాళ్లు కాదు. మార్పు అయ్యాక పాత కార్డు పక్కన పెట్టి, కొత్త ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసి మళ్లీ ఒకసారి చదవండి.

తర్వాతదంతా తేలిక. ఈపాస్‌లో పోస్ట్‌మెట్రిక్ ఫ్రెష్ (టెన్త్ తర్వాతి చదువులకు కొత్త దరఖాస్తు) తెరిచి, టెన్త్ హాల్‌టికెట్ నంబరు, పాసైన సంవత్సరం ఇచ్చి నింపండి. ఫోన్‌లో వద్దు, కంప్యూటర్‌లోనే. మొబైల్ నంబరు మీదే ఇవ్వండి, సెంటర్ వాడిది కాదు. ప్రింట్, జిరాక్స్‌లు కాలేజీలో ఇచ్చి, వాళ్లు చెప్పినచోట వేలిముద్ర వేయండి. ట్యూషన్ ఫీజు కాలేజీకి వెళ్తుంది, మెయింటెనెన్స్ (చదువు ఖర్చులకిచ్చే డబ్బు) వస్తే మీ ఖాతాలో పడుతుంది. హాజరు 75 శాతం తగ్గితే రెండూ ఆగుతాయి. టీచింగ్ ప్రాక్టీస్‌కు బడికి వెళ్లే రోజుల్లోనూ సంతకం మరవొద్దు.

బీఈడీ రెండేళ్లు. రెండో ఏడాది రెన్యువల్ దానంతటదే కాదు, మళ్లీ పెట్టాలి.